డ్రైనా, తీపా? తెల్ల ఫోర్టిఫైడ్ వైన్లలో ఇష్టం ఎక్కడ పుడుతుంది

సంగ్రహం

తెల్ల ద్రాక్షతో చేసిన ఫోర్టిఫైడ్ వైన్ల దగ్గర మొదట వినిపించే ప్రశ్న ఒకటే: డ్రై ఇష్టమా, తీపి ఇష్టమా? జవాబిచ్చేవాళ్లు దాన్ని తమ స్వభావంలో ఒక భాగంగా చెబుతారు. షెర్రీ, మదీరా, తెల్ల పోర్ట్, మార్సాలా, ఫ్రెంచ్ మస్కట్ వైన్ల నిబంధనలను ఒకవైపు, రుచి మీద జరిగిన ప్రయోగాలను మరోవైపు పెట్టి చూస్తే ఆ జవాబు అంత స్థిరమైనది కాదనిపిస్తుంది. 'డ్రై' అన్న మాటకు ఊరికో కొలత ఉంది. గ్లాసులో ఉన్న చక్కెర, నాలుకకు తెలిసే తీపి ఎప్పుడూ ఒకటి కావు. పుట్టుకతో వచ్చిన తేడాలు కొంత పనిచేస్తాయి. అలవాటు, పేరు, రంగు, సందర్భం కూడా పనిచేస్తాయి. అందువల్ల ఎవరి ఇష్టాన్నయినా పరీక్షించకముందే తీర్పు చెప్పకూడదన్నది ఈ వ్యాసం వాదం.

1. పరిధి, పరిభాష

ద్రాక్షరసం పులుస్తున్నప్పుడు గానీ, పులిసిన తర్వాత గానీ ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి ఆల్కహాల్ శాతాన్ని పెంచితే అది ఫోర్టిఫైడ్ వైన్. సాధారణంగా వీటిలో ఆల్కహాల్ 15 నుంచి 22 శాతం వరకు ఉంటుంది. ఇక్కడ 'తెల్ల' అన్నది ద్రాక్షను బట్టి చెప్పే మాట, గ్లాసులో కనిపించే రంగును బట్టి కాదు. స్పెయిన్‌లోని పెడ్రో హిమేనెజ్ వైన్ బెల్లం పాకంలా నల్లగా ఉంటుంది. దాన్ని చేసే పండు మాత్రం తెల్ల ద్రాక్షే.

'డ్రై' అన్న మాటకు తెలుగులో సరిగ్గా సరిపోయే పదం లేదు. 'పొడి' అంటే నవ్వు వస్తుంది. చాలామంది దాన్ని వగరుగా అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. జామపిందె కొరికినప్పుడు నోరు పట్టేసినట్టు ఉంటుందే, అది వగరు. అది టానిన్లు అనే పదార్థాల పని. డ్రై అంటే చక్కెర లేకపోవడం, లేదా చాలా తక్కువగా ఉండటం. సాధారణంగా తొక్కలతో కలిపి నానబెట్టకుండా రసం తీసి పులియబెట్టే తెల్ల వైన్లలో టానిన్లు తక్కువ. అంటే ఒక వైన్ పూర్తిగా డ్రై అయి ఉండి కూడా వగరు లేకుండా ఉండొచ్చు. నోరు ఎండినట్టు అనిపించడానికీ, చక్కెర లేకపోవడానికీ ఇంగ్లీషులో ఒకే మాట వాడటం వల్ల రెండూ కలగాపులగం అవుతాయి. వగరుకు షడ్రుచుల్లోనే చోటిచ్చిన మనకు ఆ చిక్కు ఉండనక్కర్లేదు. తెలుగులో ఈ విషయం రాయడంలో ఉన్న సౌలభ్యం ఇదే.

2. ఒకే మాట, పదిరెట్ల తేడా

నిబంధనల్లోని అంకెలను పక్కపక్కన పెడితే మొదటి చిక్కు బయటపడుతుంది. దక్షిణ స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతంలో చేసే ఫీనో, మంజనీయా షెర్రీల్లో చక్కెర లీటరుకు 5 గ్రాముల లోపే. సిసిలీ దీవిలోని మార్సాలాలో 'సెక్కో', అంటే డ్రై, అన్న మాట 40 గ్రాముల లోపు చక్కెర ఉన్న వైన్‌కు వర్తిస్తుంది. పోర్చుగల్ తెల్ల పోర్ట్‌లో 'సెకో' అంటే 40 నుంచి 65 గ్రాములు. అదే దేశానికి చెందిన మదీరా దీవిలో 'సెకో' అంటే సుమారు 49 నుంచి 65 గ్రాములు. మాట ఒకటే; ఫీనోకూ మదీరాకూ మధ్య చక్కెరలో పదిరెట్లకు పైగా తేడా.

తీపి వైపు చూసినా ఇంతే. షెర్రీలో 'పేల్ క్రీమ్' అన్నదానికి 45 నుంచి 115 గ్రాములు, 'క్రీమ్' అన్నదానికి 115 నుంచి 140 గ్రాములు. పెడ్రో హిమేనెజ్‌కు కనీసం 212 గ్రాములు ఉండాలి. చాలా సీసాల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఫ్రాన్స్‌లో రోన్ లోయలోని బోమ్ ద వెనీజ్ మస్కట్‌లో కనీసం 100 గ్రాములు ఉండాలి. మదీరాలో 96 గ్రాములు దాటితే 'దోసె', అంటే తీపి.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకరు 60 గ్రాముల తెల్ల పోర్ట్ తాగి "నాకు డ్రైయే ఇష్టం" అంటారు. ఇంకొకరు 50 గ్రాముల పేల్ క్రీమ్ తాగి "నాకు తీపి ఇష్టం" అంటారు. తీపి ఇష్టమన్న మనిషి గ్లాసులోనే చక్కెర తక్కువ. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ సీసా మీది మాటను తమ ఇష్టానికి పేరుగా పెట్టుకున్నారు, అంతే. 75 మిల్లీలీటర్ల గ్లాసులో లెక్క వేస్తే ఫీనోలో చక్కెర 0.4 గ్రాము కూడా ఉండదు. 60 గ్రాముల పోర్ట్‌లో 4.5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను. పెడ్రో హిమేనెజ్‌లో కనీసం 16 గ్రాములు. ఇష్టాల గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలతో మొదలుపెడితే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

3. తీపి ఎలా మిగులుతుంది, ఎలా పోతుంది

తెల్లవారుజామున దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుపెక్కి మత్తు పెరుగుతుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తున్నందువల్లే ఆ మార్పు. ద్రాక్షరసంలో జరిగేదీ అదే. స్పిరిట్ ఎప్పుడు పోశారన్నదాన్ని బట్టి వైన్ తీపిదా, డ్రైదా అన్నది తేలుతుంది. పులిసే పని మధ్యలో ఉండగా స్పిరిట్ పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. తినకుండా మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. పోర్ట్, బోమ్ ద వెనీజ్ మస్కట్ ఇలా తయారవుతాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఈ పద్ధతికి ఆద్యుడిగా 13వ శతాబ్దపు వైద్యుడు ఆర్నో ద విల్‌నవ్‌ను చెబుతారు.

హెరెజ్‌లో దారి వేరు. పలొమీనో ద్రాక్షరసాన్ని చక్కెర దాదాపు పూర్తిగా అయిపోయేదాకా పులియనిచ్చి, ఆ తర్వాత స్పిరిట్ కలుపుతారు. 15 శాతం దగ్గర ఆపితే పీపాలో వైన్ మీద మీగడలాగా ఈస్ట్ పొర కడుతుంది. దాన్ని 'ఫ్లోర్' అంటారు, అంటే పువ్వు. ఆ పొర కింద పెరిగేది ఫీనో. 17 శాతం దాటిస్తే ఆ పొర బతకదు. అప్పుడు వైన్ గాలి తగులుతూ ముదిరి ఒలొరొసో అవుతుంది. రెండూ సహజంగా డ్రైవే. పెడ్రో హిమేనెజ్ పండ్లను మాత్రం కోసి, ఎండలో పరిచి, కిస్మిస్‌లా ముడుచుకున్నాక రసం తీస్తారు.

ఒలొరొసోకు పెడ్రో హిమేనెజ్ లాంటి తీపి వైన్ కలిపితే క్రీమ్ షెర్రీ. ఫీనో లాంటి లేతరంగు వైన్‌కు శుద్ధిచేసిన ద్రాక్షరస గాఢద్రవం కలిపితే పేల్ క్రీమ్. ఇష్టాల మీద పరిశోధన చేసేవారికి ఈ రెండో జంట చాలా విలువైనది. ఫీనోకూ పేల్ క్రీమ్‌కూ మధ్య ప్రధానంగా మారేది చక్కెర ఒక్కటే. ఫీనోను మస్కట్‌తో పోలిస్తే ద్రాక్ష, వాసన, వయసు, పులుపు అన్నీ మారిపోతాయి. అక్కడ "తీపి గెలిచింది" అనడానికి ఆధారం ఉండదు.

4. గ్రాములు వేరు, నాలుక వేరు

చక్కెర ఎంత ఉందో ప్రయోగశాల చెబుతుంది. తీపి ఎంత అనిపిస్తుందో చెప్పాల్సింది నోరే. ఈ రెంటి మధ్య కనీసం నాలుగు విషయాలు అడ్డొస్తాయి.

మొదటిది పులుపు. పులుపు, తీపి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. నిమ్మకాయ షర్బత్ కలిపిన ఎవరికైనా ఇది తెలుసు. మదీరా వైన్లకు పులుపు ఎక్కువ. సెర్సియల్ ద్రాక్షతో చేసే మదీరాలో 50 గ్రాముల చక్కెర ఉన్నా చురుక్కుమనిపించే డ్రైగా తోచడానికి కారణం అదే. పలొమీనోకు పులుపు తక్కువ. అంతే చక్కెర ఫీనోలో కలిపితే తీపి దాగదు.

రెండోది చల్లదనం. తీపి సంకేతాన్ని మోసే టీఆర్‌పీఎం5 అనే ప్రోటీన్ చల్లదనంలో మందగిస్తుందని 2005లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. కరిగిన ఐస్‌క్రీమ్ మరీ తియ్యగా అనిపించడం అందరి అనుభవం. 7 డిగ్రీల దగ్గర ఫీనోనూ, గది వేడిలో క్రీమ్ షెర్రీనీ ఇచ్చి పోల్చమంటే ఆ పోలిక చక్కెర గురించి మాత్రమే కాదు.

మూడోది గ్లిజరాల్, వైన్‌లో ఉండే కాస్త తియ్యని చిక్కటి పదార్థం. ఫ్లోర్ పొర చక్కెరతోపాటు గ్లిజరాల్‌ను కూడా తినేస్తుంది. ఫీనో నాలుక మీద అంత పలచగా, సూటిగా తగలడానికి అదొక కారణం. ఫ్లోర్ లేని ఒలొరొసోలో గ్లిజరాల్ మిగిలి ఉంటుంది. చక్కెర లెక్కలో అదీ డ్రైయే. అయినా గుండ్రంగా, కాస్త తియ్యగా ఉన్నట్టు అనిపిస్తుంది.

నాలుగోది వాసన, నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఇదే. స్ట్రాబెరీ వాసన చేరిస్తే మీగడ మరింత తియ్యగా అనిపిస్తుందనీ, వేరుశనగ ముద్ద వాసనకు ఆ ప్రభావం లేదనీ 1988లో ఫ్రాంక్, బైరమ్ చూపారు. వాసనలకు ఈ శక్తి అలవాటు వల్ల వస్తుందని ఆస్ట్రేలియాలో స్టీవెన్సన్, ప్రెస్కాట్, బోక్స్ చేసిన ప్రయోగాలు సూచించాయి: ఒక వాసన తీపితో కలిసి పదేపదే ఎదురైతే, ఆ తర్వాత వాసన ఒక్కటే తీపిని గుర్తుచేస్తుంది.

దీన్ని ముదిరిన షెర్రీ, మదీరాలకు అన్వయించి చూద్దాం. వాటి వాసనలో ముఖ్యమైన అణువు సొటొలాన్. మన మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ అదే. తక్కువ మోతాదులో అది కాల్చిన చక్కెరను, మేపుల్ పాకాన్ని తలపిస్తుంది. మోతాదు పెరిగితే మెంతి వాసనే. మేపుల్ పాకంతో పెరిగిన మనిషికి ఆ వాసన తీపి జ్ఞాపకం. మాగాయలో మెంతిపిండి, చారులో మెంతిపోపు తిని పెరిగిన మనిషికి అది పులుపు, కారం, చిరుచేదుల జ్ఞాపకం. వాసనలోని తీపి నేర్చుకున్నదే అయితే, ఒకే డ్రై ఒలొరొసో మొదటి మనిషికి కాస్త తియ్యగానూ, రెండో మనిషికి మరింత డ్రైగానూ తోచాలి. ఇది నా ఊహే, నిర్ధారణ కాదు. కానీ తేలిగ్గా పరీక్షించదగిన ఊహ. తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లనూ ఉత్తర అమెరికా ఇళ్లలో పెరిగినవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టగలిగిన ఏ విశ్వవిద్యాలయమైనా దీన్ని చేయవచ్చు.

5. మనిషికీ మనిషికీ తేడా

ఇష్టంలో పుట్టుక పాలు ఎంత? చేదు విషయంలో గట్టి ఆధారం ఉంది. డ్యూపాంట్ ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలో లేచినప్పుడు పక్కనున్న సహోద్యోగికి చేదు తగిలింది, ఆర్థర్ ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. 1931లో ఆయన దాన్ని వెల్లడించారు. 2003లో ఆ తేడాకు మూలమైన టీఏఎస్2ఆర్38 జన్యువును గుర్తించారు. ఆల్కహాల్‌లోని చేదూ మంటా ఎంత తెలుస్తాయన్నదానికీ ఇలాంటి జన్యు తేడాలకూ సంబంధం ఉందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. 15 శాతం దాటిన వైన్‌లో ఆ మంట చిన్న విషయం కాదు. మంట, చేదు ఎక్కువగా తెలిసేవారు వాటిని కప్పే తీపిని కోరుకోవచ్చన్నది సబబైన అంచనా. అయితే మంట తెలియడం ఒకటి, ఫలానా సీసా నచ్చడం ఇంకొకటి. మొదటిదాని నుంచి రెండోదానికి నేరుగా గీత గీయలేం.

తీపి విషయంలో రోజ్ మేరీ పాంగ్‌బోర్న్ 1970లోనే హెచ్చరించారు: తీపి పెరిగేకొద్దీ అందరి ఇష్టమూ ఒకేలా మారదు, సగటు తీస్తే ఆ తేడాలు మాయమవుతాయి. 2019లో ఇయాట్రిడి, హేస్, యోమన్స్ మనుషులను మూడు తీరులుగా చూడవచ్చన్నారు: తీపి పెరిగేకొద్దీ ఇష్టం పెరిగేవారు, పెరిగేకొద్దీ ఇష్టం తగ్గేవారు, ఒక మధ్యస్థాయి దాకా ఇష్టపడి ఆపైన వద్దనేవారు. ఈ మూడో తీరు మన ప్రశ్నకు ఎంతో ముఖ్యం. అలాంటి మనిషికి పేల్ క్రీమ్ ఇచ్చి అడిగితే "తీపి ఇష్టం" అంటారు. పెడ్రో హిమేనెజ్ ఇచ్చి అడిగితే "డ్రై ఇష్టం" అంటారు. ఆ మనిషిలో మార్పేమీ లేదు, ప్రశ్నే మారింది.

వయసు కూడా చూడాలి. పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ తీపిని ఇష్టపడతారనీ, కౌమారంలో అది తగ్గుముఖం పడుతుందనీ జూలీ మెన్నెల్లా తదితరుల పరిశోధనలు చెబుతున్నాయి. ఇక్కడి నుంచే "తీపి పిల్లల రుచి, డ్రై పెద్దల రుచి" అన్న తేలిక మాట పుట్టుకొస్తుంది. ఆధారాలు అంత దూరం వెళ్లవు. సగటున తగ్గడం అంటే, తగ్గనివారు ఎదగలేదని కాదు.

6. పేరు, రంగు, ధర, పరిచయం

2001లో బోర్డోలో మోరో, బ్రోషే, దుబుర్దియు ఒక తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్రరంగు కలిపి 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లు దాని వాసనను ఎర్ర వైన్లకు వాడే మాటలతో వర్ణించారు. 2008లో ప్లాస్‌మన్, రాంగెల్ తదితరులు 20 మందికి ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి ఇచ్చారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు అది మరింత నచ్చిందన్నారు. సుఖాన్ని అనుభవించేటప్పుడు చురుకయ్యే మెదడు భాగంలో కూడా ఆ తేడా కనిపించింది. అంటే వాళ్లు గొప్పలకు చెప్పిన మాట కాదది. ఈ ప్రయోగాలు ఫోర్టిఫైడ్ వైన్ల మీద చేసినవి కావు. అందువల్ల వాటి నుంచి తీసుకోగలిగింది ఒక్కటే: చూసింది, విన్నది నాలుక తీర్పులో కలుస్తాయి.

పరిచయం కూడా అలాగే కలుస్తుంది. పదేపదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయెన్స్ 1968లో వాదించారు. ఫీనోలో ఫ్లోర్ వల్ల అసిటాల్డిహైడ్ పెరుగుతుంది. కొత్తగా తాగేవారికి ఆ ఘాటు వాసన వింతగా తగులుతుంది. ఫీనో నచ్చలేదన్న కొత్తవారు చక్కెర లేకపోవడాన్ని కాదన్నారా, ఆ వాసనను కాదన్నారా? ఒక్క గ్లాసుతో ఈ ప్రశ్న తేలదు.

7. బజారు చెప్పే సాక్ష్యం

బ్రిటన్ చాలా కాలం షెర్రీకి పెద్ద బజారు. అక్కడ పేరు మోసింది హార్వేస్ బ్రిస్టల్ క్రీమ్ అనే తీపి షెర్రీ. వైన్ వ్యాపారుల్లో ఒక పాత మాట ఉంది: జనం డ్రై అని చెబుతారు, తీపి తాగుతారు. 1966లో వచ్చిన క్రాఫ్ట్ ఒరిజినల్ అనే పేల్ క్రీమ్ షెర్రీ ఆ మాటకు రూపం ఇచ్చినట్టు ఉంటుంది. చూడటానికి ఫీనోలా లేతగా ఉంటుంది, నోట్లో పోసుకుంటే తీపి. చేతిలోని గ్లాసు ఒక అభిరుచిని చాటుతుంది, నాలుక ఇంకోదాన్ని అందుకుంటుంది. పోర్చుగల్‌లో 1934లో టేలర్స్ సంస్థ చిప్ డ్రై అనే తెల్ల పోర్ట్‌ను తెచ్చింది. తీపికి పేరుపడ్డ వైన్‌లో డ్రైని ముందుకు తేవడం అక్కడి కథ.

షెర్రీ పుట్టిన నేల మీద డ్రైకే పట్టం అనుకుందామా? దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరపు ఏప్రిల్ ఉత్సవంలో మంజనీయా జోరుగా తాగుతారు, నిజమే. కానీ అదే ఉత్సవంలో మంజనీయాలో నిమ్మరుచి సోడా కలిపిన రెబుహీతో కూడా అంతే జోరుగా తాగుతారు. ఆ సోడా తియ్యనిది. ప్రపంచంలోకెల్లా డ్రై వైన్లలో ఒకదాన్ని చేసే ప్రాంతం ఎండ వేళ, ఆటపాటల మధ్య దానికి తీపి చేర్చుకుంటుంది. దీన్ని రుచిలోని లోపంగా చూడాల్సిన పనిలేదు. వేళను బట్టి కోరిక మారుతుందన్నదానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

అమ్మకాలు ఇష్టానికి పూర్తి సాక్ష్యం కావు. ధర, ప్రచారం, పన్ను, దుకాణంలో దొరకడం అన్నీ అందులో కలిసి ఉంటాయి. బజారు లెక్కలను సూచనగా తీసుకోవచ్చు, తీర్పుగా కాదు.

8. ఒక గుటక, ఒక గ్లాసు, ఒక భోజనం

రుచి పరీక్షల్లో సాధారణంగా ఇచ్చేది ఒక గుటక. మొదటి గుటకలో తీపికి సహజంగా పైచేయి ఉంటుందనీ, గ్లాసంతా తాగేసరికి అదే తీపి మొహం మొత్తించవచ్చనీ రుచి నిపుణులు చెబుతారు. కోకాకోలా సంస్థ 1985లో దాదాపు రెండు లక్షల రుచి పరీక్షల తర్వాత మరింత తియ్యని కొత్త పానీయాన్ని తెచ్చి, జనం ఎదురు తిరగడంతో 79 రోజుల్లో పాతదాన్ని తిరిగి తెచ్చింది. అలవాటు మీద మమకారం కూడా అందులో ఉంది. అయినా గుటకతో చేసిన పరీక్ష జీవితాన్ని పూర్తిగా పట్టుకోదన్న పాఠం నిలుస్తుంది.

పక్కన ఏం తింటున్నామన్నది మరో విషయం. ఉప్పు చేదును అణచి, దాని కింద దాగిన తీపిని పైకి తెస్తుందని 1997లో బ్రెస్లిన్, బోషాంప్ చూపారు. షెర్రీ పుట్టిన దక్షిణ స్పెయిన్ ప్రాంతం అండలూసియాలో ఫీనోను ఉప్పు ఊరిన ఆలివ్‌లతో, వేయించిన చేపతో తాగే అలవాటు ఆ సూత్రానికి సరిపోతుంది. అదే ఫీనోను తియ్యని కేకు తర్వాత తాగితే పుల్లగా, బోసిగా తోస్తుంది. తీపి తిన్న నోటికి టీలో చక్కెర చాలదనిపిస్తుందే, అలా.

9. ఎవరి ఇష్టాన్ని వాళ్లు పరీక్షించుకోవాలంటే

పద్ధతి కష్టమైనది కాదు. ఒకే సీసా ఫీనోను తీసుకోవాలి. సగాన్ని అలాగే ఉంచి, మిగతా సగంలో లీటరుకు 40 గ్రాముల లెక్కన చక్కెరను నీళ్లు కలపకుండా ఆ వైన్‌లోనే కరిగించాలి. 50 మిల్లీలీటర్లకు 2 గ్రాములు సరిపోతుంది. రెండూ ఒకే చల్లదనంలో, ఒకే రకం గ్లాసుల్లో ఉండాలి. వేరొకరు నాణెం ఎగరేసి వరస నిర్ణయించి ఇవ్వాలి. రెంటిలో ఏది నచ్చిందో చెప్పాలి. ఇలా ఎనిమిది సార్లు, రెండు మూడు రోజుల్లో, మధ్యలో నోరు కడుక్కుంటూ చేయాలి.

ఎనిమిదిలో ఐదుసార్లు తీపిని ఎంచుకుంటే ఏమీ తేలనట్టే. ఏడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు తీపినే ఎంచుకుంటే, అది కేవలం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 256లో 9, అంటే సుమారు 3.5 శాతం. ఆరుసార్లయితే ఆ అవకాశం 14 శాతం దాటుతుంది. గట్టిగా చెప్పడానికి అది చాలదు. ఆ తర్వాత 20, 80 గ్రాములతో మళ్లీ చూస్తే పైన చెప్పిన మూడు తీరుల్లో ఎవరిది ఏదో కొంత తెలుస్తుంది.

ఈ పరీక్షలో మింగనక్కర్లేదు. రుచి చూసి ఉమ్మేయడం ఈ వృత్తిలో ఉన్నవారి పద్ధతే. 18 శాతం వైన్ 100 మిల్లీలీటర్లలో దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. తీపి ఆ ఘాటును కప్పుతుంది గానీ తగ్గించదు. ఏ మోతాదు ఆల్కహాలూ ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఇష్టం గురించిన పరిశోధన తాగమని చెప్పే ప్రోత్సాహం కాకూడదు.

10. తేలింది ఏమిటి

గట్టిగా చెప్పగలిగినవి మూడు. డ్రై, తీపి అన్న మాటలు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు అంకెలను సూచిస్తాయి. చక్కెర ఎంత తియ్యగా తెలుస్తుందన్నది పులుపు, చల్లదనం, గ్లిజరాల్, వాసనల మీద ఆధారపడుతుంది. తీపి పట్ల స్పందనలో మనుషుల మధ్య నిజమైన తేడాలు ఉన్నాయి. కొంత నమ్మకంతో చెప్పగలిగింది ఒకటి: పేరు, ధర, పరిచయం ఆ తీర్పును మారుస్తాయి. చెప్పకూడనిది కూడా ఒకటి: డ్రైని ఇష్టపడేవారి రుచి పదునైనదనీ, తీపిని ఇష్టపడేవారిది ఇంకా పండనిదనీ.

ఈ చివరి మాట కోసమే ఇంత దూరం వచ్చాను. బల్ల దగ్గర తనకు నచ్చింది చెప్పడానికి జంకి, గొంతు తగ్గించి "నాకు కొంచెం తియ్యగా ఉంటేనే..." అని ఆగిపోయే మనిషి దగ్గర శాస్త్రం ఏ లోపాన్నీ చూపలేదు. అలాంటి మనిషిని అడగాల్సింది 'డ్రైనా, తీపా' అని కాదు. ఎన్ని గ్రాములు, ఎంత చల్లగా, దేనితోపాటు, ఏ వేళలో అని అడగాలి. అలా అడిగితే ఆ మనిషి గొంతు తగ్గించకుండానే జవాబు చెప్పగలరు.